“మావాళ్లు ముందున్నారు”: సెలవుల రద్దీలో డిస్నీ వరల్డ్, నా అనుభవం

క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య వారంలో ఒర్లాండో వెళ్లొద్దని మాకు చెప్పనివాళ్లు లేరు. అక్కడి డిస్నీ వరల్డ్ బాగా కిక్కిరిసి ఉండే రోజులవి. కానీ పిల్లలకి సెలవులు అప్పుడే, మా ఆయనకి ఆఫీసు లేనిది అప్పుడే, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య తిరుగు ప్రయాణం జనవరిలో. ఇంకో వారం ఎంచుకునే వీలు లేక అట్లాంటా నుంచి కారులో బయల్దేరాం.

రద్దీకి నేను బాగానే సిద్ధపడ్డాను. ఏ రైడ్‌కి ఏ వేళలో వెళ్లాలి, లైట్నింగ్ లేన్, అంటే అదనంగా డబ్బు కట్టి వెళ్లే చిన్న లైను, దేనికి తీసుకోవాలి, మామయ్య మోకాళ్ల నొప్పులకి మధ్యమధ్యలో ఎక్కడ కూర్చోబెట్టాలి, బాబుని కూర్చోబెట్టి తోసుకెళ్లే స్ట్రోలర్ ఎక్కడ అద్దెకిస్తారు, అన్నీ రాసిపెట్టుకున్నాను. తోటి జనంతో ఎలా నెగ్గుకురావాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. గంటకి పైగా నిలబడ్డాక మన ముందుకి పదిమంది దూరితే ఏమనాలి? ఊరుకుంటే రోజంతా కడుపులో మండుతూనే ఉంటుంది. గట్టిగా అంటే గొడవవుతుంది, పక్కన పిల్లలుంటారు. ఈ రెండింటి మధ్య మాకు దొరికిన దారి ఏమిటో, అది ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ చేయలేదో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పెద్దవాళ్లనీ చిన్నపిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకి పనికొస్తుందని నా ఆశ.

మొదటి పరీక్ష డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో, పీటర్ పాన్స్ ఫ్లైట్ దగ్గర ఎదురైంది. ఆ పార్కు తెరిచిన 1971 నుంచీ ఉన్న రైడ్ అది. చిన్న ఓడలో కూర్చుంటే రాత్రిపూట లండన్ మీదుగా ఎగురుతున్నట్టు తీసుకెళ్తుంది. ఎక్కిన మూడు నిమిషాల్లో దిగిపోతాం. ఒక్కో ఓడలో ఇద్దరు ముగ్గురే పడతారు కాబట్టి లైను నత్తనడకే. బయట బోర్డు మీద 90 నిమిషాలని ఉంది. మా పాప ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచీ దీని పేరే తలుస్తోంది, అందుకని నిలబడ్డాం.

కాసేపటికి ఒకావిడ చిన్న పిల్లాడిని చేయి పట్టుకుని “ఎక్స్‌క్యూజ్ మీ” అంటూ పక్కనుంచి ముందుకెళ్లింది. పిల్లాడిని బాత్రూమ్‌కి తీసుకెళ్లి వస్తోందని చూస్తేనే తెలుస్తోంది. అందరం తప్పుకున్నాం. ఆ తర్వాత ఒక కుర్రాడు వచ్చాడు. “మావాళ్లు ముందున్నారు” అన్నాడు. సరే అన్నాం. వాడి వెనక ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక పాప్‌కార్న్ డబ్బాలు పట్టుకుని మరో నలుగురు. అందరిదీ అదే మాట. మా ముందున్న జంట ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని దారిచ్చారు. వాళ్లిచ్చారని మేమూ ఇచ్చాం, మేమిచ్చామని మా వెనకవాళ్లు నోరు మెదపలేదు.

మామయ్యకి కోపం వచ్చేసింది. “తిరుమలలో నయం కదమ్మా, కంపార్ట్‌మెంట్లో కూర్చోబెట్టి పాలిస్తారు. తలుపు వేశాక మధ్యలో దూరేవాడే ఉండడు” అన్నారు. మా ఆయన అయితే ఈసారి వచ్చేవాళ్లకి అడ్డంగా నిలబడతానన్నారు. నేను వద్దన్నాను. 2022 జులైలో ఇదే పార్కులో, ఈ రైడ్ ఉన్న ఫాంటసీలాండ్ అనే భాగంలోనే రెండు కుటుంబాలు కొట్టుకున్న సంగతి వార్తల్లో వచ్చింది. లైన్లోంచి కాసేపు పక్కకెళ్లి తిరిగొచ్చిన ఒక మనిషి విషయంలో మాటామాటా పెరగడమే దానికి మొదలు. ఆ ఏడాది చివర్లో డిస్నీవాళ్లు తోటి సందర్శకులతో మర్యాదగా, దయగా మెలగాలని తమ వెబ్‌సైట్లో ప్రత్యేకంగా రాసిపెట్టారు. అంత పెద్ద సంస్థ అది కూడా రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. చేయి అడ్డం పెట్టడం, భుజంతో తోయడం అనేవి ఎంత న్యాయం మనవైపున్నా చేయకూడనివి. ఆ తర్వాత తప్పెవరిదని ఎవరూ విచారించరు, ఇద్దర్నీ బయటికి పంపేస్తారు.

తర్వాత వచ్చిన అబ్బాయిని నేను ఆపాను. గొంతు పెంచలేదు. “మీవాళ్లు ఎక్కడున్నారు?” అని అడిగాను. చేత్తో ఎటో చూపించాడు. “మేమంతా గంట నుంచి నిలబడ్డాం, మావెంట పెద్దవాళ్లున్నారు. మీవాళ్లని వెనక్కి వచ్చి మీతో కలవమంటారా?” అన్నాను. వాడు నన్ను ఒక క్షణం చూసి, “రెండు నిమిషాల పనే” అని వెళ్లిపోయాడు. అంటే నా మాట పనిచేయలేదు. కానీ వాడి వెనక వస్తున్న ఇద్దరు అక్కడే ఆగిపోయారు. మా వెనకావిడ, అంతసేపూ మౌనంగా ఉన్న మనిషి, వాళ్లతో “ఆమె చెప్పింది నిజమే, మీరు వెనకనుంచి రండి” అంది. వాళ్లు వెనక్కి తిరిగారు.

ఇంటికొచ్చాక దీని గురించి చదివితే ఆ సంఘటన నాకు ఇంకా బాగా అర్థమైంది. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం న్యూయార్క్‌లో 129 క్యూల్లోకి కావాలని మనుషుల్ని దూర్చి, జనం ఏం చేస్తారో రాసుకుంది. 1986లో వచ్చిన ఆ పరిశీలన ప్రకారం ఒక్క మనిషే దూరినప్పుడు సగానికి కాస్త పైగా క్యూల్లోనే ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పారు. చెప్పినవాళ్లలో ఎక్కువమంది దూరిన మనిషికి సరిగ్గా వెనకున్నవాళ్లే. ఆ వెనక చోట్లో తమ మనుషుల్నే పెట్టి, ఏమీ అనకుండా నిలబడమన్నప్పుడు మిగతావాళ్ల అభ్యంతరాలు కూడా బాగా తగ్గిపోయాయట. ఆ ఒక్క చోట ఉన్నవాళ్లు నోరు విప్పకపోతే వెనకున్నవాళ్లంతా ఆ నష్టం మోయాల్సిందే. ఆ రోజు ఆ చోట్లో మేమున్నాం.

రైడ్ ఎక్కే చోట ఉన్న క్యాస్ట్ మెంబర్‌కి, అంటే అక్కడ పనిచేసే అమ్మాయికి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. ఎంతమంది, ఏ రంగు చొక్కాలు, మాకు ఎంత ముందున్నారు, అంతే. ఆమె థాంక్స్ చెప్పి ముందున్న ఇంకో ఉద్యోగితో మాట్లాడింది. ఈలోపు మా ఓడ వచ్చింది, మేం ఎక్కేశాం. వాళ్లని ఏం చేశారో మాకు తెలియదు. దాన్ని అక్కడే వదిలేయాలని మా ఆయనకి గట్టిగా చెప్పాను. దిగాక వాళ్లని వెతుక్కుంటూ వెళ్లి తేల్చుకోవాలనుకుంటే, ఆ వారంలో ఒక్కరోజు టికెట్ దాదాపు 200 డాలర్లు పెట్టి కొన్నది అందుకా?

నా ఉద్దేశంలో జనం మొరటుతనానికి సగం కారణం ఆ డబ్బే. మనిషికి అంత చొప్పున ఇంటిల్లిపాదికీ పెట్టి, హోటల్‌కీ తిండికీ పెట్టి వచ్చాక ప్రతివాళ్లకీ పెట్టిన ఖర్చు రాబట్టుకోవాలన్న ఆత్రం పట్టుకుంటుంది. “మేమూ డబ్బు కట్టాం” అనే మాట ఆ రోజుల్లో ఎన్ని నోళ్ల నుంచి విన్నానో. పక్కనున్నవాళ్లూ కట్టారన్నది మాత్రం ఆ ఆత్రంలో ఎవరికీ తట్టదు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. పక్కనుంచి ముందుకెళ్లేవాళ్లంతా దొంగదారిన వెళ్తున్నవాళ్లు కాదు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ అనే రైడ్‌కి 38 అంగుళాల ఎత్తుండాలి. మా బాబు అంతలేడు. ఇలాంటివాళ్లకి రైడర్ స్విచ్ అని ఒక ఏర్పాటుంది. ఒకళ్లు చిన్నపిల్లలతో బయట ఉంటే మిగతావాళ్లు ఎక్కి వస్తారు, తర్వాత బయటున్నవాళ్లు మళ్లీ మొత్తం లైను నిలబడకుండా లైట్నింగ్ లేన్ దారిలో వెళ్లి ఎక్కొచ్చు. అలా నేను వెళ్తుంటే మామూలు లైన్లో ఉన్న ఒకాయన వినబడేట్టే ఏదో అన్నాడు. ఆయన కోపంలో తప్పు పట్టేదేం లేదు, ఎండలో నిలబడి ఉన్నాడు. వైకల్యం ఉన్నవాళ్లకీ వేరే ఏర్పాటుంది, అది చూస్తే పైకి తెలియకపోవచ్చు. అందుకే నేను ఎవర్నైనా ముందు అడిగేది ప్రశ్నే. “మీవాళ్లు ఎక్కడున్నారు?” అని అడిగితే నిజంగా కారణమున్నవాళ్లు చెప్తారు. మాకు అవసరం పడ్డప్పుడు మేం చేసింది కూడా చెప్తాను. బాబు బాత్రూమ్ అన్నాడు. మా ఆయన వాడిని తీసుకుని వెళ్లేముందే వెనకవాళ్లతో “మా అబ్బాయిని తీసుకెళ్తున్నాను, ఐదు నిమిషాల్లో వస్తాను, మీకు ఫర్వాలేదా?” అని అడిగారు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఆ వెనకవాళ్లే మిగతావాళ్లకి చెప్పి దారిప్పించారు.

లైన్ల సంగతి ఒక ఎత్తు, రాత్రి సిండ్రెల్లా కోట దగ్గర కాల్చే బాణసంచా చూడటానికి పడిన అవస్థ ఇంకో ఎత్తు. కోట ముందు గుండ్రటి ఖాళీ స్థలంలో గంటకి పైగా ముందే కూర్చున్నాం. ఆ కోట ఎత్తు 189 అడుగులు, ఎక్కణ్నుంచైనా కనబడుతుందనుకుంటాం గానీ, మన ముందు ఆరడుగుల మనిషి నిలబడితే ఆ 189 అడుగుల్లో కొస మాత్రమే మిగులుతుంది. అత్తయ్య శాలువా పరిచి పిల్లల్ని చెరోపక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇండియా నుంచి వచ్చేముందు ఫోన్లో వీడియో చూపించిన దగ్గర్నుంచీ ఆవిడ దీనికోసమే ఎదురుచూస్తున్నారు.

ఇంకో పావుగంటలో మొదలవుతుందనగా ఒక అమ్మాయి మూడేళ్ల పాపతో వచ్చి, “మా పాప ముందు నిలబడొచ్చా?” అంది. చిన్నపిల్ల కదా, జరిగాం. రెండు నిమిషాల్లో పాప వాళ్ల నాన్న, అతని వెనక ఇంకో మనిషి, ఒక పెద్ద స్ట్రోలర్, అన్నీ మా కాళ్ల మధ్యనుంచి ముందుకొచ్చేశాయి. దీపాలు ఆర్పగానే ఆ నాన్న పాపని భుజాల మీద ఎక్కించుకున్నాడు. సరిగ్గా అత్తయ్య ముందు.

నేను అతని పక్కకెళ్లి, “మా అత్తయ్య ఇది చూడటం ఇదే మొదటిసారి, మీరు పాపని దించితే ఆవిడకి కనిపిస్తుంది” అన్నాను. “నా కూతురికీ కనబడాలి కదా” అన్నాడు. అదీ నిజమే. దించమని అడిగాను గానీ దించి ఎక్కడ పెట్టుకోవాలో నేను చెప్పలేదు, నాకూ వెంటనే తట్టలేదు. అప్పుడు అత్తయ్య, ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు కూడా మాట్లాడని మనిషి, శాలువా మీద తన పక్కన చోటు చేసి, దాని మీద అరచేత్తో తట్టి, పాపకేసి చూస్తూ “దా తల్లీ, ఇక్కడ కూర్చో” అన్నారు. మా పాప కూడా చేయి ఊపింది. ఆ చిన్నది నాన్న భుజాల మీద నుంచి తనే కిందికి జారడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ నవ్వి దాన్ని దించింది. పిల్ల కింద కూర్చున్నాక తండ్రికి అక్కడ నిలబడే పనే లేకపోయింది. స్ట్రోలర్ తీసుకుని మా వెనక్కి వెళ్లాడు.

దీన్ని నేను చాలాసార్లు తలుచుకున్నాను. అవతలి మనిషిని తప్పుకోమంటే మొండికేస్తాడు. తప్పుకుని ఎక్కడికి వెళ్లాలో చూపిస్తే వెళ్తాడు. అత్తయ్య తన శాలువాలో చోటిచ్చారు కాబట్టి అడిగే హక్కు కూడా దానంతటదే వచ్చింది. నలభై ఏళ్లు ఉమ్మడి కుటుంబంలో పెళ్లిళ్లూ పేరంటాలూ నడిపిన మనిషికి ఇవన్నీ ఒకరు నేర్పక్కర్లేదు.

అన్నీ అలాగే తేలాయని చెప్పను. వాళ్లతో వచ్చిన రెండో మనిషి ఐప్యాడ్ తలమీదికెత్తి మొత్తం రికార్డు చేశాడు. సెల్ఫీ స్టిక్‌లని 2015లోనే నిషేధించారు గానీ ఐప్యాడ్‌లకి అలాంటిదేం లేదు. “కాస్త ఛాతీ దగ్గర పట్టుకుంటారా?” అని అడిగితే ఓ నిమిషం దించి మళ్లీ ఎత్తాడు. ఇంకోసారి అడిగాను, అదే జరిగింది. మూడోసారి అడగలేదు. మామయ్యకి ఆ రాత్రి కోట సగమే కనిపించింది.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. స్ట్రోలర్లతో మడమల మీద గుద్దేసి చూడకుండా వెళ్లిపోయేవాళ్లు బోలెడుమంది. 2019 మే నుంచి స్ట్రోలర్ వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు మించకూడదని నిబంధన పెట్టారు, లాగుడు బండ్లని పూర్తిగా ఆపేశారు. అయినా ఆ జనంలో మడమ భద్రంగా ఉండాలంటే వెనక పట్టీ చెప్పులు వద్దు, మడమ మూసుండే బూట్లే వేసుకోవాలి. పరేడ్ అయ్యాక అందరితోపాటు లేవకుండా పది నిమిషాలు కూర్చుంటే ఆ గుద్దులు సగం తప్పుతాయి. హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల ఇంటి రైడ్‌లో చీకట్లో ఒకతను ఫ్లాష్‌తో ఫొటోలు తీస్తుంటే మా ఆయన “ఫ్లాష్ ఆపేస్తారా ప్లీజ్” అన్నారు, అతను సారీ చెప్పి ఆపేశాడు. నిజంగా తెలియనివాళ్లు ఇంతమంది ఉంటారని నేననుకోలేదు. అడిగినవాళ్లలో ఎక్కువమంది వెంటనే సర్దుకున్నారు. లైన్లో బూతులు మాట్లాడుతున్న కుర్రాళ్లకి “ఇక్కడ పిల్లలున్నారు” అన్న ఒక్క మాట సరిపోయింది.

మర్నాడు మా పద్ధతి మార్చేశాం. పొద్దున తలుపులు తెరిచే వేళకే వెళ్లి పెద్ద లైన్లున్నవి ముందే చూసేశాం. మొదటి రోజు వద్దని మొండికేసిన మామయ్య పార్కులో అద్దెకిచ్చే చక్రాల కుర్చీకి ఒప్పుకున్నారు. మధ్యాహ్నం జనం బాగా పెరిగే వేళకి కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్‌లో కూర్చున్నాం. ఇరవై నిమిషాల పైన సాగే ప్రదర్శన, ఏసీ ఉంటుంది, కూర్చుని చూడొచ్చు, తోసుకునేవాళ్లు ఉండరు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి అంతకన్నా మంచి చోటు నాకు కనబడలేదు. కౌంటర్లలో అడిగితే గ్లాసులో మంచినీళ్లు ఊరికే ఇస్తారు, అది కూడా చాలామందికి తెలియక సీసాలు కొంటుంటారు. మనకి ఒంట్లో ఓపిక ఉంటేనే నోట్లోంచి మంచిమాట వస్తుంది. ఆకలితో, కాళ్ల నొప్పులతో ఉన్నప్పుడు నేనెంత సౌమ్యంగా మాట్లాడాలనుకున్నా గొంతులో కరుకు తెలిసిపోతోంది. అందుకే పిల్లలకి నిద్ర వచ్చే వేళకి ఎవరితోనూ వాదన పెట్టుకోకూడదని మేం ఒక నియమం చేసుకున్నాం.

బాణసంచాకి కూడా చోటు మార్చాం. జనం నడవడానికి నేలమీద టేపులు వేసి సిబ్బంది ఖాళీగా ఉంచే దారులుంటాయి. సరిగ్గా ఆ దారి అంచున, దారి మనకి ముందు వచ్చేట్టు నిలబడ్డాం. అక్కడ ఎవరైనా ఆగితే టార్చిలైట్లు పట్టుకున్న సిబ్బందే కదలమంటారు, మనం ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కోటకి కాస్త దూరమే గానీ మామయ్యకి కుర్చీలోంచి మొత్తం కనిపించింది.

ఇంతకన్నా నాకు కష్టమనిపించింది మనవాళ్లతో మాట్లాడాల్సి రావడం. ఆ సాయంత్రం సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ లైన్లో పాపతో నేనూ మా ఆయనా ఉన్నాం, రెండోసారి కావాలని పాప మారాం చేస్తే వచ్చాం. మా ముందు ఒకబ్బాయి ఒక్కడే నిలబడి ఫోన్లో తెలుగులో మాట్లాడుతున్నాడు. “ఇంకో పావుగంటలో లోపలికెళ్లిపోతాను, మీరు తినేసి వచ్చేయండి. పదకొండు మందీ ఒక్కసారే రాకండి, ఇద్దరిద్దరు రండి.” తెలుగు అర్థమయ్యేవాళ్లు చుట్టుపక్కల ఉంటారని అనుకోలేదు పాపం.

వాళ్లు వచ్చాక చెప్తే పదకొండు మందితో పంచాయితీ. ఇప్పుడైతే ఒక్కడితో. అందుకని వెంటనే పలకరించాను. “బాబూ, మీదే ఊరు?” అని మొదలుపెట్టి, ఎక్కడ ఉద్యోగం, ఎప్పుడొచ్చారు, అన్నీ అయ్యాక, “మీవాళ్లంతా ఇక్కడికే వస్తారా?” అని అడిగాను. మొహం కాస్త మారింది. “అవునక్కా. మనవాళ్లే కదా, కొంచెం సర్దుకోండి” అన్నాడు.

చిన్నప్పటి నుంచీ రైళ్లలో, బస్టాండుల్లో, సినిమా హాళ్ల దగ్గర మనమంతా వింటూ పెరిగిన మాట అది. ఆ మాటలో ఆప్యాయత ఉంది, నాకు తెలుసు. అందుకే కాదనడం కష్టం. “నేను సర్దుకుంటాను తమ్ముడూ. మా వెనక చూడు, ఆ చంటిపిల్లతో ఉన్నావిడ కూడా సర్దుకోవాలిగా. ఆవిడకి నువ్వు మనవాడివని తెలియదు కదా” అన్నాను. వెనక్కి తిరిగి చూశాడు. ఏమీ అనలేదు. మా ఆయన కూడా కలగజేసుకుని, “ఒక పని చెయ్యి. మూసే టైముకి ఒక్క నిమిషం ముందు లైన్లోకి వచ్చినా ఎక్కనిస్తారు. అప్పటికి జనం పల్చబడతారు. పదకొండు మందీ కలిసి ఒకేసారి రావచ్చు” అన్నారు. ఆ సంగతి వాడికి తెలియదు.

ఈలోపు మొదటి ఇద్దరు రానే వచ్చారు, వెనకాల వాళ్లమ్మ వయసు ఆవిడ. వాడు గొంతు తగ్గించి వాళ్లకి సంగతి చెప్పాడు. ఒకతను మాకేసి చూసి, “ఎవరో ఏదో అంటే వెళ్లిపోతామా” అన్నాడు. ఆవిడ మాత్రం ఇంకో మాట మాట్లాడనివ్వలేదు. “పదండిరా, అంతమంది ముందు పరువు తీయకండి” అని వెనక్కి తిరిగింది. వాడు కూడా తాళ్లు దాటుకుంటూ వాళ్ల వెనకే వెళ్లాడు. గంట నిలబడి వెళ్లిపోతున్న పిల్లాడిని చూస్తే నాకు జాలేసింది. అయినా అడిగినందుకు నాకు విచారం లేదు. లైన్లు దూకితే డబ్బు తిరిగివ్వకుండా బయటికి పంపుతామని సిక్స్ ఫ్లాగ్స్ అనే వేరే సంస్థ పార్కుల్లో బోర్డులే ఉంటాయి. వేరేవాళ్లెవరో ఫిర్యాదు చేసి సిబ్బందితో చెప్పించుకోవడం కన్నా ఇది వాళ్లకే మేలు.

పార్కు మూశాక కూడా మెయిన్ స్ట్రీట్ దుకాణాలు కాసేపు తెరిచే ఉంటాయి. పిల్లలకి బొమ్మలు కొని, రద్దీ తగ్గాక ఫెర్రీ ఎక్కాం. ఎక్కి చూస్తే వాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒక నిమిషం ఇరుకుగానే అనిపించింది. ఆ అబ్బాయే మా దగ్గరికొచ్చి, “దొరికిందన్నా, పదకొండు మందిమీ ఎక్కాం, నలభై నిమిషాల్లో అయిపోయింది” అని మా ఆయనకి చెప్పాడు. వాళ్లమ్మగారు అప్పటికే అత్తయ్య పక్కన చేరారు. ఆవిడది తెనాలి. ఇద్దరికీ తెలిసినవాళ్లు ఎవరో బయటపడటానికి ఎంతోసేపు పట్టలేదు.

వాళ్లకి ఆ రాత్రి బాణసంచా సరిగ్గా కనిపించలేదట, ముందున్నవాళ్లంతా పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నారట. రేపు మళ్లీ వస్తున్నారట. అత్తయ్య మొదలుపెట్టారు. “ముందు నడిచేదారి ఉండేట్టు చూసుకోండి వదినగారూ. టేపు వేసి ఉంటుంది, మా కోడల్ని అడిగితే చూపిస్తుంది. ఒక దుప్పటి తెచ్చుకోండి. ఎవరైనా పిల్లని ఎత్తుకుంటే దించమనొద్దు, దుప్పటి మీద చోటివ్వండి. మీ అబ్బాయిలు పొడుగ్గా ఉన్నారు, వాళ్లని వెనక నిలబడమనండి.”